నాయనమ్మ పాట వినపడలేదు

ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

పెద్దాడి ప్లేస్టేషన్ 4లో ఇంటి వీడియోలు ఆడించే పని మొత్తానికి గాడిలో పడింది. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన డీవీడీల్లో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు ఒక జీబీ చొప్పున ముక్కలై ఉంటాయి కదా, వాటిని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి ఒకే ఎంపీ4గా మారుస్తున్నాం. ప్లేస్టేషన్‌కి అర్థమయ్యే పద్ధతుల్లోనే, బొమ్మ హెచ్.264, శబ్దం ఏఏసీ. ల్యాప్‌టాప్‌లో వీడియోలు పంపే మీడియా సర్వర్ నడుస్తుంటే చాలు, హాల్లో కూర్చుని గేమ్ కంట్రోలర్‌తోనే చూసెయ్యొచ్చు. పాత వీడియోలో సెకనుకి 25 బొమ్మలు, ఒక్కోటీ రెండు సగాలుగా ఉంటుంది, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి. డబ్బా టీవీలో అది తెలిసేది కాదు. ఇప్పటి టీవీలో ఎవరైనా చెయ్యి ఊపితే అంచున దువ్వెన పళ్లు కనపడతాయి. ఆ సగాల్ని కలిపే డీఇంటర్లేస్ పెట్టాక అవీ పోయాయి. అందరూ సాగిపోయి లావుగా కనిపించడం కూడా పాత టీవీల 4:3 కొలతకి మార్చాక సర్దుకుంది. మావారు మహా సంబరపడ్డారు.

ఇవాళ రాత్రి చిన్నత్త పెళ్లి పెట్టాం. 1992, తెనాలి, ఇంటి ముందే పందిరి. వీడియో అతను భుజాన పెద్ద కెమెరాతో వస్తే, వెనకాల లైటు పట్టుకుని ఒక కుర్రాడు. ఆ లైటు మొహాన పడితే కళ్లు తెరవలేకపోయేవాళ్లం. పిల్లలమంతా మాత్రం దాని వెనకే పరుగు. భోజనాల బంతిలో విస్తరి ముందు కూర్చున్నవాళ్ల మీదికి లైటు రాగానే ఎత్తిన ముద్ద అలాగే ఆగిపోయేది. మా పెద్దనాన్న అయితే కెమెరా వెళ్లేదాకా గోంగూర కలుపుతూనే ఉన్నాడు, ఒక్క ముద్ద నోట్లో పెట్టలేదు. అది చూసి పిల్లలు సోఫాలో పడి దొర్లారు.

తరవాత అప్పగింతలు. పళ్లెంలో పాలు, అందులో అత్త చేతులు. పక్కన నాయనమ్మ, పమిట కొంగు చెవి వెనక్కి దోపుకుని పాడుతోంది. నాకు బాగా గుర్తు, ఆ పాటకి తాతయ్య లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. టీవీలో నాయనమ్మ పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. దాని మీద ఏదో సినిమా పాట, హోరుమంటూ. "అమ్మా, ఆ మామ్మ పాడుతోంది కదా, వేరే పాట వస్తోందేంటి?" అంది చిన్నది.

అప్పట్నుంచీ ఒకటే మంట. తాళి కట్టేటప్పుడు మేళం ఉండాలి, లేదు, డ్యూయెట్టు. మంత్రం లేదు, అత్తని ఏడిపిస్తున్న వదినల మాటలు లేవు. రిసెప్షన్‌కి పెట్టుకోండి సినిమా పాటలు, అప్పగింతలకెందుకు? పెళ్లంటే సగం శబ్దమే కదా. నాయనమ్మ గొంతు ఇంకెక్కడా రికార్డు కాలేదు. బొమ్మని ఇంత శుభ్రం చేసుకుని నేనేం చేసుకోను?

నాన్నకి ఫోన్ చేసి ఆ వీడియో అతన్ని నాలుగూ అన్నాను. నాన్న చల్లగా చెప్పారు, పాటల లిస్టు రాసిచ్చింది తాతయ్యేనట. పాటలు లేకపోతే వీడియో చప్పగా ఉంటుందని అప్పట్లో అందరూ అడిగి మరీ వేయించుకునేవాళ్లట. ఇక అతన్ని ఏమనను? కోపం మాత్రం తగ్గలేదు.

పడుకోబోతూ వీహెచ్ఎస్ గురించి, అదే ఆ పాత వీడియో క్యాసెట్ల రకం గురించి చదువుతుంటే ఒక సంగతి కనపడింది. ఆ టేపులో శబ్దానికి రెండు చోట్లు ఉండొచ్చు. మామూలు ట్రాకు టేపు అంచున సన్నగా ఉంటుంది, బొమ్మని ముట్టుకోకుండా దాని మీద పాట ఎక్కించెయ్యొచ్చు. హైఫై అనే మెరుగైన పద్ధతిలో శబ్దం అలా కాదు, టేపు మీద రాసే, చదివే తిరిగే హెడ్లతో బొమ్మతో పాటే టేపులోకి దిగుతుంది, దాన్ని చెరపాలంటే బొమ్మ కూడా పోవాల్సిందే. అంటే ఆ కెమెరా హైఫైది అయ్యుండి, పాట అంచు ట్రాకు మీదే పడి ఉంటే, నాయనమ్మ పాట ఇప్పటికీ ఆ క్యాసెట్‌లో ఉంది! ఎడిటింగ్‌లో ఇంకో టేపుకి ఎక్కించేటప్పుడే పాట కలిపేసి ఉంటే ఆ ఆశా లేదు. అప్పుడు కెమెరాలోంచి తీసిన అసలు టేపులే దిక్కు. అవి మనకి ఇచ్చారో లేదో అత్తనే అడగాలి.

డీవీడీలు ఉన్నాయిగా, క్యాసెట్లు పాతసామాన్ల అతనికి ఇచ్చేద్దామని మావారంటే పోయిన వారం నేనూ సరే అన్నాను. ఇప్పుడు చచ్చినా ఇవ్వను. తెనాలిలో అన్నయ్య వాళ్ల అటక మీదున్నవి కూడా తెప్పిస్తాను. ఆ తేమకి టేపు మీద తెల్లగా బూజు పట్టి ఉంటుంది, శుభ్రం చేయించకుండా వీసీఆర్‌లో పెడితే హెడ్లు పాడవుతాయి, ఆత్రపడి ఆడించొద్దని వదినకి పొద్దున్నే చెప్పాలి. ఇక హైఫై వీసీఆర్ వెతకాలి. కొత్తది దొరకదు, వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది. మీలో ఎవరింట్లోనైనా నడిచేది ఉంటే నాకు చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.