ఎండవేళ పిల్లలూ ఫోనూ

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసిన దగ్గర నుంచి జూన్ రెండో వారంలో మళ్లీ తెరిచేదాకా, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పిల్లలకు దాదాపు ఏడు వారాల సెలవులు. ఈ ఏడు వారాలూ ఇళ్లలో ఫోన్ గురించి జరిగే వాదన అంతా రోజుకు ఎన్ని గంటలు చూడనివ్వాలన్న లెక్క చుట్టూనే తిరుగుతుంది. హైదరాబాదులో ఒక ఫ్లాట్‌లో, ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు పిల్లలతో గడిపిన వేసవుల్లో నేను గమనించినదేమిటంటే, వాళ్లు ఫోన్ కోసం పట్టుబట్టేది ముఖ్యంగా పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు లోపల, ఎండకు గుమ్మం దాటలేని వేళలోనే. ఆ ఆరు గంటలు ఎలా గడవాలో ముందే తేల్చుకున్న ఇంట్లో మిగతా రోజుకు పెద్దగా నియమాలు అవసరపడవు.

వైద్యులు చెప్పిన పరిమితులు ఉన్నాయి, వాటిని నేను కాదనను. భారతీయ శిశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వారికి గంట మించకూడదు, ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు గంటే గరిష్ఠమని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని చెప్పింది. ఇవి గట్టు ఎక్కడుందో చూపిస్తాయి. అయితే మధ్యాహ్నం రెండు గంటలకు, కూలర్ ఉన్న ఒక్క గదిలో, తల్లి ఆఫీసు మీటింగులో ఉండగా, ఐదేళ్ల పిల్లవాడు వచ్చి కొంగు లాగితే ఏం చేయాలో ఏ పట్టికా చెప్పదు.

ఆ సమయంలో ఫోన్ అవసరం పిల్లలకంటే మనకే ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు. పెరడూ, అరుగూ, పదిమంది పెద్దలూ ఉన్న ఇళ్లలో పిల్లల మధ్యాహ్నాలు వాటంతట అవే గడిచేవి, మూడు గదుల ఇంట్లో అవి అలా గడవవు. కాబట్టి మా ఇంట్లో స్క్రీన్‌కు ఒక వేళ ఉంది, భోజనాలయ్యాక రెండు నుంచి మూడున్నర దాకా. అది బహుమతిగా ఇచ్చేదీ కాదు, అల్లరి చేస్తే శిక్షగా తీసేసేదీ కాదు. అన్నం తింటే ఫోన్ ఇస్తానని ఒక్కసారి అన్నామంటే ఫోన్ విలువ పెరిగి, అన్నం విలువ పడిపోతుంది. పైగా చూసేది ఫోన్‌లో కాదు, హాల్లో ఉన్న టీవీలో. కళ్లకు దూరంగా ఉంటుంది, ఏం చూస్తున్నారో వంటింట్లోకి వినిపిస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఏం పెట్టాలో అక్కా తమ్ముడూ మాట్లాడుకుని ఒప్పుకోవాలి. ఆ ఒప్పందానికే పది నిమిషాలు పడుతుంది, అది కూడా మంచిదే.

ఎక్కువ ఇళ్లలో ఏడుపు మొదలయ్యేది ఆపే చోట. "అమ్మా, ఇంకొక్కటే" అని మావాడు అడిగినప్పుడు ఒకసారి పక్కన కూర్చుని చూశాను. కథ అయిపోయి పేర్లు పడుతున్నప్పుడు వాడి చూపు టీవీ మీద నుంచి తనంతట తానే పక్కకు తిరిగింది, లేవబోయాడు కూడా. ఈలోగా తర్వాతి వీడియో దానంతట అదే మొదలైంది, వాడు మళ్లీ కూలబడ్డాడు. యూట్యూబ్‌లో ఆటోప్లే అనే ఆ చిన్న మీటను ఆపేసిన తర్వాత మా ఇంట్లో జరిగే గొడవలో సగం పోయింది. గడియారం చూసి కథ మధ్యలో కట్టేసేకన్నా, "ఈ కథ అయ్యాక ఆపుదాం" అని ముందే చెప్పి, చివరి రెండు నిమిషాలు పక్కన కూర్చుని, ఆ ఏనుగు చివరికి ఇంటికి చేరిందా అని అడిగితే పిల్లలు తేలిగ్గా లేస్తారు. ఈ కారణంగానే షార్ట్స్, రీల్స్ మాత్రం మా ఇంట్లో పూర్తిగా నిషేధం. వాటికి ముగింపు అనేదే లేదు, ఆగే చోటు లేనిదాన్ని చిన్నపిల్లలు తమంతట తాము ఆపాలనడం అన్యాయం.

మిగిలిన మధ్యాహ్నానికి మాకు బాగా కలిసివచ్చింది వామనగుంటలు. రెండు వరుసల్లో ఏడేసి గుంటలున్న చెక్క పీట, గుప్పెడు చింతపిక్కలు చాలు. ఒక గుంటలోని పిక్కలు తీసి వరుసగా ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి, చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి, ఆ తర్వాతి గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి మనవవుతాయి. తొమ్మిదేళ్ల మా అమ్మాయి మొదట్లో చేతికందిన గుంట తీసేది. ఇప్పుడు పిక్కలను ముట్టుకోకుండా, కళ్లతోనే పంచుకుంటూ, పెదవులు కదుపుతూ లెక్క వేసి, ఆ తర్వాతే చెయ్యి పెడుతోంది. ఎక్కాల పుస్తకం ముందు కూర్చోబెట్టినప్పుడు అంత శ్రద్ధ నేనెప్పుడూ చూడలేదు. నేల మీద సుద్దతో గీసిన అష్టాచమ్మా, పులి మేకా కూడా ఆడతారు. ఇక "బోర్ కొడుతోంది" అన్న ప్రతిసారీ ఏదో ఒకటి అందించాలని లేదు. కాసేపు ఊరుకుంటే వాళ్లే దిండ్లతో ఇల్లు కట్టుకుంటారు.

ఎండ లేని రెండు వేళలనూ బయటికే వదలాలి. ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపం, వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. తైవాన్ 2010 నుంచి బడి పిల్లలు రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉండేలా ఒక కార్యక్రమమే నడుపుతోంది. చెట్టు నీడలోని వెలుతురు కూడా ఇంట్లో దీపాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, మండుటెండలో నిలబెట్టాల్సిన పని లేదు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఐదున్నర తర్వాత చాలు.

అమ్మమ్మ, నాయనమ్మల ఊళ్లకు వెళ్లినప్పుడు ఈ ఏర్పాట్లన్నీ సడలుతాయి. "సెలవులకు వచ్చిన పిల్లల్ని ఏడిపించడం ఎందుకమ్మా, కాసేపు ఇవ్వు" అని మా అత్తయ్య అంటే నేను వాదించను. ఒక్కటే అడిగాను, "అత్తయ్యా, అన్నాల దగ్గర మాత్రం వద్దు" అని. ఆవిడ సరేనన్నారు, ఇప్పుడు ముద్దలు కలిపి పెడుతూ కథలు చెబుతున్నారు. ఆ కథల్లో సగం నాకూ కొత్తవి.

జూన్ మొదటి వారం వచ్చేసరికి ఇంకొక పని ఉంటుంది. సెలవుల్లో పదకొండు దాటేదాకా మేలుకునే అలవాటు బడి తెరిచిన రోజున హఠాత్తుగా మారదు. అందుకని రాత్రి భోజనం తర్వాత ఇంట్లో పెద్దలతో సహా అందరి ఫోన్లూ హాల్లోని అల్మరాలోనే ఛార్జింగ్‌కు పెడతాం. పడుకునే వేళను ఆ వారమంతా రోజుకు కాస్త చొప్పున ముందుకు జరుపుతాం.