మా తాత నడకా, మాస్టారి ఎరాటికల్లీ

తొమ్మిదో తరగతిలో ఓ మధ్యాహ్నం మా ఇంగ్లీషు మాస్టారు బోర్డు మీద ‘ఎరాటికల్లీ’ అని రాశారు. "నిలకడ లేకుండా, ఎప్పుడెలా ఉంటుందో తెలియకుండా" అని అర్థం చెప్పి, తలా ఒక సొంత వాక్యం రాయమన్నారు. మా తాత ఓ రోజు పొలానికి నడిచి వెళ్లేవాడు, తర్వాత నాలుగు రోజులు అరుగు దిగేవాడు కాదు. ఇంకేం, "మా తాత పొలానికి ఎరాటికల్లీ నడుస్తాడు" అని ఇంగ్లీషులో రాసేశాను.

మాస్టారు నోట్సు చూసి, "ఏరా, మీ తాత కల్లు తాగుతాడా?" అన్నారు.

"ఎండాకాలంలో తాగుతాడండీ" అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

వెళ్తే వెళ్తాడు, లేకపోతే లేదు అనడానికి ‘ఇర్రెగ్యులర్లీ’ చాలట. ‘నడుస్తాడు’ పక్కన ‘ఎరాటికల్లీ’ పెడితే నడకే తూలుతున్నట్టు. నమ్మమేమోనని బల్ల దగ్గర్నుంచి గుమ్మం దాకా తూలుతూ నడిచి చూపించారు. తర్వాత వేలు పైకెత్తి ఫ్యాను చూపించారు. రెగ్యులేటరు ముట్టుకోకపోయినా అది కాసేపు గిర్రున తిరిగేది, కాసేపు ఈసురోమనేది. "ఆగిపోయిన ఫ్యానుకీ, నెమ్మదిగా తిరిగే ఫ్యానుకీ ఈ మాట వాడకూడదు. ఇదిగో, దీనికి వాడాలి."

స్పెల్లింగులో రెండు ఆర్‌లు, ఒకటే టీ. చివర ఎల్‌వై ఒక్కటే కాదు, ఏఎల్‌ఎల్‌వై. పలికేటప్పుడు మాత్రం ఆ ‘ఏఎల్’ దాదాపు మింగేస్తారు. ‘ఐసీ’తో ముగిసే మాటలన్నిటికీ ఇంచుమించు ఇదే దారి, ‘పబ్లిక్‌’కి తప్ప. ఇవన్నీ పరీక్ష కోసం. నాకు నచ్చింది వేరే. లాటిన్‌లో ‘ఎర్రారే’ అంటే తిరుగాడడం, దారి తప్పడం. ‘ఎర్రర్’ కూడా అందులోంచే వచ్చిందట. "మనకీ అంతే కదరా. దారి తప్పడం, లెక్క తప్పడం, చేసిన తప్పు, అన్నీ ఒకటే మాట" అన్నారు మాస్టారు. తెలుగు పీరియడ్‌లో కూడా ఎవరూ చెప్పని సంగతి!

తర్వాత సబ్‌స్టేషన్ ఉద్యోగంలో లాగ్‌బుక్‌లో ఈ మాట ఎన్నిసార్లు రాశానో. వోల్టేజీ తక్కువైతే తక్కువనే రాసేవాణ్ణి. ముల్లు పైకీ కిందికీ ఎగురుతుంటేనే ఎరాటికల్లీ.

ఆ సాయంత్రం క్లాసులో జరిగిందంతా తాతకి చెప్పాను. నవ్వుతాడనుకుంటే చుట్ట పక్కన పెట్టి లేచాడు.

"తాగినా తిన్నగానే నడుస్తానని రాసుకెళ్లు మీ మాస్టారికి."