సింకు కింద లీకు: పుష్-ఫిట్ జాయింట్లతో వారం రోజుల కుస్తీ

శనివారం రాత్రి

సింకు కింద అల్మారా తలుపు తీస్తే వెనక మూల చెక్క ఉబ్బిపోయి ఉంది, గోరుతో గీకితే పొరలు పొరలుగా ఊడొస్తోంది, అంటే ఇది ఇవాళ మొదలైన లీకు కాదన్నమాట. నాలుగు నెలల కింద ఈ పైపులన్నీ నేనే మార్చా, పుష్-ఫిట్ కదా, మరలు బిగించక్కర్లేదు, పైపుని జాయింట్లోకి తోస్తే అయిపోతుందిలే అని ఒక్క పూటలో ముగించేసి తెగ మురిసిపోయా. ఆ మురిపెం ఇప్పుడు చుక్క చుక్కగా కారుతోంది.

చుక్క రాలేది కింద మూలనున్న ఎల్బో, అంటే వంపు జాయింటు దగ్గర. కానీ నీళ్ళు పైపు పట్టుకుని జారి అన్నిటికంటే కిందున్న చోటే చుక్క కడతాయి కాబట్టి దాన్ని నమ్మలేదు. అన్నీ పొడిబట్టతో తుడిచి, ఒక్కో జాయింటుకి టిష్యూ పేపరు చుట్టి అరగంట వదిలేశా. ఎనిమిదిట్లో మూడు తడిశాయి: చన్నీళ్ళ లైన్లో టీ (మూడు నోళ్ళుండే T ఆకారం జాయింటు) కింది నోరు, వేణ్ణీళ్ళ లైన్లో ఎల్బో, ఫిల్టరుకెళ్ళే సన్న ట్యూబు. చుక్క రాలుతున్న మూల ఎల్బోకి చుట్టింది మాత్రం పొడిగా ఉంది, తడంతా పైన టీ దగ్గరే టిష్యూ పీల్చేసుకుంది. పాపం దాన్ని అనవసరంగా తిట్టుకున్నా.

ఆదివారం

మెయిన్ వాల్వ్ కట్టేసి, కింద కుళాయి తిప్పి నీళ్ళన్నీ వదిలేశా. తర్వాత పైపు పీకడమే పెద్ద పనైంది. పైపు నోటి దగ్గరుండే రింగుని కాలెట్ అంటారు, దాన్ని లోపలికి నొక్కి పైపు లాగాలి, అంతవరకు తెలుసు. నేనేమో ముందు పైపు లాగి పట్టుకుని అప్పుడు కాలెట్ నొక్కుతున్నా, అలా లాగితే లోపలి స్టీలు పళ్ళు ఇంకా గట్టిగా దిగబడతాయి, రానే రాదు. పది నిమిషాలు చేతులు కొట్టుకుపోయాక బుర్ర వెలిగింది: ముందు పైపుని ఇంకాస్త లోపలికి తొయ్యాలి, అప్పుడు కాలెట్ రెండు పక్కలా సమానంగా నొక్కి అలాగే పట్టుకుని మెల్లిగా లాగాలి. వేళ్ళు పట్టని చోట పైపు మీద ఇమిడే ఓపెన్ స్పానర్ పెట్టి నొక్కితే సరిపోయింది. లైన్లో ప్రెషర్ మిగిలుంటే మాత్రం ఈ పప్పులేం ఉడకవు.

టీ కిందనుంచి వచ్చిన పైపు చివర చూసి సిగ్గేసింది. హాక్సా బ్లేడుతో కోసింది, ఒక పక్కకి ఏటవాలుగా ఉంది, అంచు చుట్టూ నూగు, పైనుంచి కిందికి ఒక పొడుగాటి గీత. ఆ గీత ఎప్పుడో ప్లయర్స్ తో పట్టుకున్నప్పుడు పడింది, పడింది అంటే నేనే పెట్టా. అయినా దాన్ని పట్టించుకోకుండా, ఫిట్టింగే పోయిందని తేల్చేసి కొత్త టీ తెచ్చి అదే పైపు అందులో తోసేశా. గంట కూడా ఆగలేదు, మళ్ళీ టిష్యూ తడి.

సోమవారం

దీన్ని అసలు పనిలో కలపకూడదు కానీ రాస్తున్నా. పైపు చివర టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి తోశా. ముందు చెమ్మగా ఉన్నది కాస్తా ఇప్పుడు ధారే కట్టింది. విప్పి చూస్తే టేపుని పళ్ళు చీల్చేసి, ఆ పీలికలు ఓ-రింగ్ (లోపలుండే రబ్బరు రింగు) కింద ఇరుక్కుని ఉన్నాయి. టేపు మరలున్న జాయింట్లకే, ఇక్కడ మరలెక్కడున్నాయి? మా నాన్న అయితే బయటనుంచి ఎపాక్సీ పుట్టీ మెత్తెయ్యమన్నారు. లోపల ప్రెషర్ తో తోస్తున్న నీటికి పై పూత ఎంతసేపు ఆగుతుంది, పైగా ఆ తర్వాత కాలెట్ కూడా బిగుసుకుపోతుంది, మొత్తం కోసి పారెయ్యాల్సిందే అని చెప్పి ఎలాగో ఒప్పించా.

బుధవారం

పాత టీని నిలువుగా కోసి చూశా, అది చెయ్యడం మంచిదైంది. నోట్లోంచి లోపలికి వెళ్తుంటే ముందు కాలెట్ పళ్ళు, వాటి తర్వాత ఓ-రింగ్, ఆ తర్వాత పైపు ఆగే మెట్టు. పళ్ళ పని పైపు ఊడకుండా పట్టుకోవడం, నీళ్ళు ఆపేది ఓ-రింగ్ ఒక్కటే. అంటే పైపు ఓ-రింగ్ దాకా వెళ్ళకపోయినా పళ్ళు పట్టేసుకుంటాయి, లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది, మనం హమ్మయ్య అనుకుంటాం. నేను నాలుగు నెలల కింద ప్రతి జాయింటూ లాగి చూసి మరీ వదిలా.

ఆ ఓ-రింగ్ ఆనేది పైపు చివరి అంగుళం మీద. అక్కడ గీత ఉంటే ఎంత కొత్త ఫిట్టింగ్ తెచ్చినా నీళ్ళు ఆ గీత సందులోంచే వస్తాయి.

ఈసారి కత్తెరలా ఉండే పైపు కట్టర్ తో 3 సెంటీమీటర్లు తీసేశా, గీతా పళ్ళ గుర్తులూ అన్నీ పోయేదాకా. అంచు నూగు తీసి, లోపల ఇన్సర్ట్ పెట్టా. ఇది మొదటిసారి నేను ఎగ్గొట్టిన సామాను. మెత్తటి ప్లాస్టిక్ పైపు లోపల ఈ గొట్టం లేకపోతే ఓ-రింగ్ ఒత్తిడికి పైపు గుండ్రం పోతుంది, వేణ్ణీళ్ళ లైన్లో అయితే ఇంకా తొందరగా. తర్వాత ఫిట్టింగ్ లోతు పుల్లతో కొలిచా, నాది 28 మిల్లీమీటర్లు వచ్చింది, పైపు మీద ఆ కొలతకి మార్కర్ తో గీత పెట్టా. ఇన్సర్ట్ పెట్టాకే కొలవండి, దాని అంచు మందం కూడా కలవాలి కదా. పైపు చివర నీళ్ళతో తడిపి తోశా. సిలికాన్ గ్రీజు ఉంటే ఇంకా మంచిది, పెట్రోలియం జెల్లీ మాత్రం వద్దు, ఈ రింగులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరు, ఆ జెల్లీకి ఉబ్బిపోతాయి. తోస్తుంటే ఒకచోట ఆగినట్టు అనిపిస్తుంది, అది ఓ-రింగ్, చివర కాదు. ఇంకొంచెం బలం పెడితే జర్రున దిగి మెట్టుకి టక్కున తగులుతుంది, గీత సరిగ్గా నోటి అంచుకి వస్తుంది. ఆ టక్కు నాకు మొదటిసారి ఎక్కడా వినపడలేదు మరి.

పైపు 3 సెంటీమీటర్లు తగ్గింది కాబట్టి గోడ క్లిప్పు వదులు చేసి టీని కాస్త కిందికి దింపాల్సి వచ్చింది. అంతే.

గురువారం

వేణ్ణీళ్ళ ఎల్బో ఇంకో రకం. ఓ-రింగ్ బాగుంది, పైపు బాగుంది, ఇన్సర్ట్ పెట్టి లోతుగా దించినా సన్నగా ఊరుతూనే ఉంది. విసుగొచ్చి పైపుని ఎడమ పక్కకి తోసి పట్టుకున్నా, లీకు ఆగింది. వదిలా, మొదలైంది. మళ్ళీ తోశా, ఆగింది. గోడ క్లిప్పు పైపుని పక్కకి లాగుతోంది, ఫిట్టింగ్ లోకి నిటారుగా వెళ్ళాల్సింది వంకరగా వెళ్తోంది, ఓ-రింగ్ ఒక పక్క నలిగిపోయి ఇంకో పక్క వదులైంది. క్లిప్పు విప్పి 2 సెంటీమీటర్లు జరిపి బిగిస్తే అయిపోయింది, ఫిట్టింగ్ ముట్టుకోనే లేదు.

శుక్రవారం

ఫిల్టరు ట్యూబు నన్ను బాగా తిప్పలు పెట్టింది, రెండుసార్లు కోసినా అదే పాట. చివరికి వెర్నియర్ పెట్టి చూస్తే ట్యూబు బయటి కొలత 6 మిల్లీమీటర్లు. ఫిట్టింగేమో పావంగుళానిది, అంటే 6.35. ఆ 0.35 కంటికి కనపడదు, చేతికీ తెలీదు, చక్కగా దూరిపోతుంది, పళ్ళు కూడా పట్టుకుంటాయి. ఓ-రింగ్ కి మాత్రం తెలుసు. పావంగుళం ట్యూబు ముక్క వేశా, మొదటి తోపుకే ఆగింది.

మెయిన్ వాల్వ్ ఒక్కసారిగా కాకుండా మెల్లిగా తిప్పి వదిలా, గాలి పోయేదాకా కుళాయి తెరిచే ఉంచా. తర్వాత కుళాయిని టక్కున తెరిచి టక్కున కట్టి ఓ పదిసార్లు చేశా, ఆ కుదుపుకి బయటపడేదేదన్నా ఉంటే ఇప్పుడే పడనీ అని.

ఆదివారం ఉదయం

రెండు రాత్రులు గడిచాయి, ఎనిమిది టిష్యూలూ పొడిగానే ఉన్నాయి. ఇంకో వారం అలాగే ఉంచుతా. మిగతా ఐదు జాయింట్లలో కూడా ఇన్సర్ట్ లేదని నాకొక్కడికే తెలుసు, వచ్చే శనివారం నుంచి ఒక్కొక్కటే విప్పాలి, వేణ్ణీళ్ళవి ముందు.