మామయ్యగారి విటమిన్ గుళికలు

నిద్ర రావడం లేదు. మాత్రల డబ్బా సర్దుతుంటే బయటపడింది: వారానికి ఒకటి వేసుకోవలసిన 60,000 యూనిట్ల విటమిన్ డి గుళికను మామయ్యగారు రోజూ మింగుతున్నారు. ఎవరు చెప్పారని అడిగితే ఫోను నా చేతిలో పెట్టారు. తెల్లకోటాయన ఒకరు, మోకాళ్ల నొప్పులన్నిటికీ డి లోపమే మూలమని ఊదరగొడుతున్నారు. వారానికి ఒకటే అన్న ముక్క వీడియో చివర్లో ఉంది. మామయ్యగారు ఏ వీడియో చివరిదాకా చూశారు గనుక!

"విటమినే కదమ్మా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది" అన్నారు. అలా పోయేవి బి, సి విటమిన్లు. డి కొవ్వులో కరిగి ఒంట్లోనే తిష్ఠ వేస్తుంది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వికారం, దాహం, మలబద్ధకం, ముదిరితే మూత్రపిండాలకే ముప్పు. కొన్నాళ్లుగా ఆయనకు మలబద్ధకం. దానికి కారణం నా వంటలో పీచు లేకపోవడమట! వచ్చిన చుట్టాలందరికీ అదే చెప్పారు. తోటకూర, బీరకాయ, గోరుచిక్కుడు మార్చి మార్చి వండి, రాత్రిళ్లు ఇసబ్గోల్ కలిపిచ్చింది నేను.

2021లో మా చుట్టాల గ్రూపులో తిరిగిన కోవిడ్ మందుల చీటీ గుర్తొచ్చింది. పేషెంటు పేరున్న పైభాగం కత్తిరించి ఉంది. అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, జింకు, కింద ఒక స్టెరాయిడ్. అజిత్రోమైసిన్ అట్ట మీద ఎర్ర గీత ఉంటుంది, డాక్టరు రాయనిదే వాడకూడదని. మా సందు చివర మందుల షాపులో ఫోను చూపిస్తే చాలు, అన్నీ కవరులో వేసి ఇచ్చారు. ఆక్సిజన్ తగ్గినవాళ్లకు పనికొచ్చే స్టెరాయిడ్‌ను బాబాయి జ్వరం వచ్చిన రోజే మొదలుపెట్టారు. అసలే షుగరు మనిషి, అది కాస్తా నాలుగు వందలు దాటింది. కోవిడ్ తగ్గినా ఇన్సులిన్ మిగిలింది.

ఫోన్లను నాలుగు తిట్టి పడుకుందామనే కూర్చున్నాను. కానీ కాల్షియం సంగతి నాకు చెప్పిందీ ఫోనే. మోకాళ్ల డాక్టరుగారు తలెత్తకుండా రాసిచ్చిన చీటీలో గుళిక పేరు పక్కన గీసింది ఒకటో ఏడో ఇప్పటికీ తెలియదు. రెండు నిమిషాల్లో బయటికి పంపేస్తే, పెద్దాయన తక్కిన సందేహాలు ఎవరిని అడగాలి? తెల్లకోటాయన కనీసం పది నిమిషాలు మాట్లాడారు.

అయినా పీచు మాట మాత్రం నేను మరిచిపోను. ఇంతా చెబితే ఈయన దుప్పటి ముసుగులోంచే "విటమినే కదా" అన్నారు. తండ్రికి తగ్గ కొడుకు. పొద్దున్నే కాల్షియం పరీక్షకు తీసుకెళ్లేది ఈయనే, ఆఫీసుకు ఆలస్యమైనా సరే.