లంకలో ఆసుపత్రి ఎంత ఎత్తున కట్టాలి?

రావులపాలెం దాటి పి.గన్నవరం వైపు తిరిగాక దారంతా కొబ్బరి తోటలే. మా బావగారు తోటలు చూస్తేగా! కనిపించిన ప్రతి కొత్త మేడ కిందికే చూస్తూ "ఇదీ ఉత్త పిల్లర్లే, అదీ అంతే" అంటూ వచ్చారు. ఆయన స్ట్రక్చరల్ ఇంజనీరు. 2001 గుజరాత్ భూకంపం తర్వాత కచ్‌లో కొన్నాళ్లు పనిచేశారు. గోదావరి పాయల మధ్య దిబ్బ మీదున్న ఒక లంక ఊరివాళ్లు ఆరోగ్య ఉపకేంద్రం మళ్లీ కట్టాలి, వచ్చి స్థలం చూడండని పిలిస్తే బయల్దేరారు. ఆత్రేయపురం పూతరేకుల ఆశతో నేనూ కారెక్కాను.

రేవులో పడవెక్కి పాయ దాటాం. పాత ఉపకేంద్రం గోడల మీద 2022 జులై వరద చార ఇంకా ఉంది, నా భుజాలంత ఎత్తున. ఆ నెలలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. "బిల్డింగు లేకపోతే అరుగు మీద కూర్చునైనా బీపీ చూస్తానండి. టీకాలతోనే టెన్షన్" అన్నారు ఏఎన్ఎం, అంటే ఉపకేంద్రం నర్సు. అవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పీహెచ్‌సీ నుంచి ఐసు పెట్టెలో తెచ్చేటప్పుడు రేవులో పడవ లేకపోతే అక్కడే ఎండలో నిలబడాలి.

ఊరివాళ్లది ఒకటే మాట: ఆరడుగులు పిల్లర్ల మీద లేపేయండి, కింద నుంచి నీళ్లు పోతాయి. నాకూ సబబే అనిపించింది. బావగారు ఒప్పుకోలేదు. అహ్మదాబాద్‌లో 2001 భూకంపానికి కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద పార్కింగ్ కోసం ఉత్త స్తంభాలే వదిలారట. పైన గోడలతో బిగువుగా ఉండి కింద ఖాళీగా ఉంటే ఊపంతా స్తంభాల మీదే పడుతుంది. భుజ్‌లో సివిల్ ఆసుపత్రే రోగులతో సహా కూలింది. తర్వాత కట్టినదానికి నేల ఊపు పైకి అంతగా ఎక్కకుండా అడుగున రబ్బరు బేరింగులు పెట్టారు. ఉపకేంద్రానికి అంత ఖర్చు ఎవరు పెడతారు?

"మనకి భూకంపాలేంటండీ" అన్నారొక పెద్దాయన. 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చాయి. రెండూ గోదావరి దరిలోవే. పైగా లంకంతా ఇసుక, ఒండ్రు. కాస్త తవ్వితే నీళ్లు. అలాంటి నేల గట్టిగా ఊగితే బురదలా జారి కట్టడాన్ని కుంగదీస్తుంది. అందుకని బావగారు లోతుగా పైల్స్, అంటే నేలలోకి దిగే పునాది స్తంభాలు, దింపి, స్తంభాల మధ్య ఏటి వాలుకు పొడుగు కాంక్రీటు గోడలు, అడ్డంగా పొట్టివి కొన్ని పెడదామన్నారు. పైల్స్ దింపే మిషను కూడా పడవ మీదే రావాలి. కచ్‌లో లారీ గుమ్మం దాకా వచ్చేదట.

నర్సుకి పైన ఒక గది లేకపోతే, రాత్రిపూట నొప్పులొచ్చినవాళ్లకి ఇంత చేసీ లాభం లేదని నా గొడవ. దాన్నీ రాసుకున్నారు.

చిక్కంతా ర్యాంపు దగ్గర వచ్చింది. నిండు చూలాలు మెట్లెక్కలేదు కదా. ఒకటికి పన్నెండు చొప్పున వాలు ఇస్తే ఆరడుగులకి 72 అడుగుల పొడవు. దాత ఇచ్చింది మూడు సెంట్లు. తాడు పరిచి, మలుపులు తిప్పి కొలిస్తే పక్క తోటలో రెండు కొబ్బరి చెట్లు అడ్డం వచ్చాయి. తోట ఆసామి అమలాపురంలో ఉంటారని ఫోన్ చేశారు, ఎత్తలేదు. "కాపు మీదున్న చెట్లు, ఊరికే ఇవ్వడు" అన్నారు పడవాయన.