ఓబీ గుట్ట ఆమ్లం వదులుతుందా? అస్సాం బొగ్గు గనుల దగ్గర నా అనుభవం

గోదావరిఖనిలో పెరిగినవాణ్ని, ఓబీ గుట్టలు నాకు కొత్త కాదు. బొగ్గు పైనున్న రాయీ మట్టీ (ఓవర్‌బర్డెన్, అదే ఓబీ) తవ్వి పోస్తే గుట్టలవుతాయి. మన సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ. అస్సాంలో మార్ఘెరిటా దగ్గరి మాకుమ్ బొగ్గుక్షేత్రం సంగతి వేరు. అక్కడ గుట్టల అడుగు నుంచి వచ్చే ఊట నారింజ రంగులో పారుతుంది, అది తగిలిన రాళ్లన్నీ తుప్పు పూసుకుని ఉంటాయి. అక్కడి వాగులు కలిసేది బూఢీ దిహింగ్ నదిలో. పీహెచ్‌డీకి ఆ రాళ్లనే ఎంచుకున్నాను.

ఆమ్లానికి మూలం పైరైట్. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. భూమి లోపల కదలకుండా ఉంటుంది. బయటపడ్డాక గాలి, వాన తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. కాబట్టి ఒక్కో రాయిలో ఆమ్లం పుట్టించేది ఎంత, దాన్ని విరిచే సున్నం ఎంత అని లెక్క తేల్చాలి. పైరైట్ రూపంలో 1 శాతం గంధకం ఉంటే ఆ ఆమ్లాన్ని విరవడానికి టన్ను రాయికి 31.25 కిలోల కాల్షియం కార్బొనేట్ (సున్నపురాయిలోని ఖనిజం, నేను సున్నం అంటున్నది ఇదే) కావాలి.

లెక్క తేలికే, అందులో వేసే అంకె దగ్గరే చిక్కంతా. మాకుమ్ బొగ్గులో గంధకం చాలావరకు సేంద్రియ రూపంలో ఉంటుంది, అది పైరైట్‌లా ఆమ్లం ఇవ్వదు. బొగ్గు ముక్కలు కలిసిన నల్ల షేల్‌కు (పలకలుగా విడిపోయే బురదరాయి) మొత్తం గంధకం అంకె వేస్తే ప్రమాదం ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే సల్ఫైడ్ గంధకాన్ని, అంటే పైరైట్ లాంటి ఖనిజాల్లో ఉన్నదాన్ని, విడిగా కొలిపించాను. ఖర్చు పెరిగింది, అయినా అది లేకుండా ముందుకెళ్లడం నాకు ఇష్టం లేదు.

సున్నం వైపు ఇంకో తిరకాసు. రాతిపొడి మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి ఎంత పొంగుతుందో చూస్తాం. ఆ పొంగును బట్టే తర్వాత ఎంత ఆమ్లం పోయాలో నిర్ణయిస్తాం. ఒకే పొడిని నేను ‘కొద్దిగా’ అంటే, పక్కనున్న ల్యాబ్ అన్న ‘ఓ మోస్తరు’ అన్నాడు! ఇద్దరం విడివిడిగా చూసి, తేడా వచ్చినవి రెండు రకాలుగానూ చేశాం. కొన్ని షేల్ నమూనాల్లో సిడరైట్ ఉంది. అదీ కార్బొనేటే, కానీ అందులోని ఇనుము తర్వాత ఆక్సీకరణ చెంది, విరిచిన ఆమ్లాన్ని మళ్లీ పుట్టిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ఆ ఇనుమును ఆక్సీకరణ చేయించాకే ఆ నమూనాల అసలు విరుగుడు బలం తెలిసింది.

సున్నం బలానికీ ఆమ్లం శక్తికీ నిష్పత్తి 1 కంటే తక్కువైతే ప్రమాదమనీ, 2 దాటితే సాధారణంగా భయం లేదనీ అంటారు. నడుమ పడ్డవే నన్ను వేధించాయి. వాటిని హ్యుమిడిటీ సెల్‌లో పెట్టాం: మూడు రోజులు పొడిగాలి, మూడు రోజులు తేమగాలి, ఏడో రోజు నీళ్లతో కడిగి ఆ నీటిని పరీక్షించడం. కనీసం 20 వారాలు నడపాలి. మొదట్లో పీహెచ్ తటస్థంగానే ఉండి, ‘ఇక ఆపేద్దామా’ అనిపించే దశలో ఒక షేల్ నమూనా పీహెచ్ పడిపోవడం మొదలుపెట్టింది. సున్నం అయిపోయిందన్నమాట. పైరైట్ ఆక్సీకరణ చెందితే నీటిలోకి వచ్చే సల్ఫేట్ అంతకు ముందు నుంచే పెరుగుతోంది. పీహెచ్ ఒక్కటే చూసి ఉంటే ఆ సూచన అందేది కాదు.

రిపోర్టులో ఆ షేల్‌ను ప్రమాదకర రాళ్ల జాబితాలోకి మార్చాను. దాన్ని ఇసుకరాయితో కలిపి పారబోయకుండా విడిగా పోసి, గాలీ నీరూ చొరకుండా బంకమట్టితో కప్పాలని రాశాను. ఇసుకరాయి సెల్స్ ఇంకా నడుస్తున్నాయి.