నాలుగోసారికి కుదిరిన భుజం

కంటికి కనిపించినదాని కంటే మనసులోని భావానికే పెద్దపీట వేసిన ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారుల బొమ్మలు ఆవేశంలో గబగబా గీసేసినవని అనుకునేదాన్ని. ముఖాల్లో కళ్లూ ముక్కూ ఉండవు, రంగులు ఉన్నవి ఉన్నట్టు ఉండవు. ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి ఏముంటుంది? ఆ ధీమాతో జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టు ఆగస్ట్ మాకె గీసిన ట్యునీషియా సంత దృశ్యాల్లో ఒకదాన్ని ఎంచుకున్నాను. 1914 ఏప్రిల్‌లో మరో చిత్రకారుడు పాల్ క్లేతో కలిసి ట్యునీషియా రాజధాని ట్యూనిస్ వెళ్లిన మాకె పదుల కొద్దీ నీటిరంగుల బొమ్మలతో తిరిగివచ్చాడు. ఆ సెప్టెంబరులోనే మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు. వయసు 27.

నీటిరంగుల బొమ్మ అన్న మాటలోనే నా కష్టమంతా ఉందని అప్పుడు తట్టలేదు.

గళ్లు గీసుకుని బొమ్మను కాన్వాసు మీదికి ఎక్కించడం ఒక పూట పని. కాల్చిన సియెన్నా అనే ఎర్రమట్టి రంగును టర్పెంటైన్‌తో పలచన చేసి అడుగుపూత వేశాను. ముందు పొరల్లో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ ఉండాలన్న నియమం అప్పటికే చదివాను. ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. కింద నూనె ఎక్కువైతే అది ఆరేలోగా పైపొర బిగుసుకుని, తర్వాత పగులుతుంది. (ఆక్సిజన్‌తో అలా కలవడం వల్లే నూనె గుడ్డలను ఉండచుట్టి పడేయకూడదు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నేను నీళ్లలో తడిపి, మూత ఉన్న డబ్బాలో పెడతాను.)

ఇక ముందువైపు నిలబడ్డ మనిషి భుజం. పసుపు అంగీ, వెనక ఊదారంగు నీడ. మొదటిసారి ఎండ కనిపించాలని పసుపులో టైటానియం తెలుపు కలిపాను. ఎండ రాలేదు, వెల్ల వేసిన గోడ వచ్చింది. నీటిరంగుల్లో వెలుగు రంగుది కాదు, కింద ఉన్న కాగితానిది; నేనేమో ఆ వెలుగును ట్యూబులోంచి పిండాలని చూస్తున్నాను. రంగులు కలిపే పలచని కత్తి, పాలెట్ నైఫ్‌తో గీకేశాను.

రెండోసారి నల్లగీతతో అంచు కట్టాను. భుజం మీద అట్టముక్క అతికించినట్టు కనిపించింది. గీకేశాను. మూడోసారి రెండు రంగులనూ తడిగా ఉండగానే కుంచెతో కలిపాను. పసుపూ ఊదా ఒకదానికొకటి ఎదురు రంగులు. పక్కపక్కన ఉంటే రెండూ మెరుస్తాయి, కలిస్తే బురద. నాకు దక్కింది బురదే. అది కూడా గీకి, గుడ్డతో తుడిచాను.

ఎన్నిసార్లు గీకినా కాన్వాసు నేతలో కొంత పసుపు దిగి ఉండిపోయింది. దానిమీద ఈసారి తెలుపు లేకుండా, పలచని కాడ్మియం పసుపు వేశాను. ఊదాను దానికి తగలనివ్వకుండా వెంట్రుకవాసి దూరంలో ఆపేశాను. ఆ సందులోంచి అడుగున ఉన్న సియెన్నా తొంగిచూసింది. గీత గీయకుండానే గీత వచ్చింది! భుజం వెనక్కి జరిగి, నీడలో నిలబడింది.

ఆ తర్వాత పందిళ్లూ జనమూ అదే పద్ధతిలో సాగాయి. ఒక్కో రంగు మచ్చ పెట్టేముందు పక్క రంగేమిటో చూసుకోవడం, పెట్టాక మళ్లీ ముట్టుకోకపోవడం. ఆవేశమని నేననుకున్నది ఇంత లెక్క! ఒక్కో మచ్చకు ఆలోచన పది నిమిషాలు, కుంచె పని రెండు క్షణాలు.

రెండు వారాలైనా పసుపు ఇంకా వేలికి అంటుతోంది. వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి. దుమ్ము పడకుండా గోడవైపు తిప్పి పెట్టాను కానీ, చీకట్లో అవిసె నూనె పసుపుబారుతుందని తెలిసి మళ్లీ వెలుగువైపు తిప్పాను. కుడి చివరి మనిషికి పాదాలు గీయలేదని అప్పుడు చూశాను.